రబ్బరు విమానం బరువెక్కుతోందా? ముందు తోక చూడండి

రబ్బరు మెలి తిప్పి ఎగరేసే మీ 45 సెం.మీ. రెక్కల బాల్సా (తేలిక కర్ర) మోడల్ ప్లాను ప్రకారం 20 గ్రాములు రావాల్సింది 36 గ్రాములు తూగిందని, ముక్కులో బరువు కోసం బోలెడు మట్టి కూరితే గానీ బ్యాలెన్స్ కావడం లేదని రాశారు. ఆ మట్టిని బట్టే తెలుస్తోంది, మీ తోక బరువుగా ఉంది. ఇలాంటి మోడల్‌లో బ్యాలెన్స్ పాయింటు (వేలి మీద పెడితే సమంగా నిలిచే చోటు) నుంచి తోక ఉండే దూరం ముక్కు దూరానికి సుమారు మూడింతలు. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి. అంటే నాలుగు గ్రాములు దండగ.

ముందు 0.01 గ్రా. చూపించే చిన్న తూకం కొనండి, నగలు తూచే రకం. 915×75×1.5 మి.మీ. బాల్సా షీటు 8–10 గ్రా. తూగితే తోకకు, రిబ్బులకు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలు) వాడండి. 12–15 గ్రా. ఉంటే స్పార్లకు (రెక్క పొడవునా సాగే పుల్లలు), లాంజరాన్లకు (బాడీ పొడవునా సాగే పుల్లలు) సరిపోతుంది. 18 దాటిన షీటును ఈ పనికి తాకొద్దు. నాలుగు లాంజరాన్లూ ఒకే షీటులో పక్కపక్క నుంచే కోయాలి. ఒక చివర బల్లకు అదిమిపట్టి రెండో చివర వేలితో నొక్కి చూడండి, అన్నీ ఒకేలా వంగాలి. ఒకటి గట్టిది, ఒకటి మెత్తది పడితే ప్లాను పరిచి కట్టే బోర్డు మీంచి తీయగానే బాడీ ఒక పక్కకు తిరుగుతుంది.

షీటు మీద చేప పొలుసుల్లా మెరిసే మచ్చలుంటే అది అడ్డంగా వంగని రకం. రిబ్బులకు అదే కావాలి. పొడుగాటి గీతలు మాత్రమే ఉన్నది సులువుగా వంగుతుంది కాబట్టి గుండ్రటి చోట్ల చుట్టడానికి పనికొస్తుంది.

తోక అంచులను ముక్కలు కోసి అతకడం మానేయండి, ప్రతి అతుకూ జిగురు బరువే. 0.8 మి.మీ. మందం, 1.5 మి.మీ. వెడల్పు పట్టీలు రెండు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. రెంటి మధ్యా పల్చటి ఫెవికాల్ రాసి, మందపాటి అట్టతో కోసిన అచ్చు చుట్టూ లాగి టేపు వేయండి. పట్టీల మందం మేరకు అచ్చును లోపలికి తగ్గించి కోయాలి, లేకపోతే తోక ప్లాను కన్నా పెద్దదవుతుంది. అచ్చు అంచుకు కొవ్వొత్తి రుద్దకపోతే పట్టీ దానికే అతుక్కుంటుంది. రాత్రంతా ఆరనివ్వండి.

జిగురు విషయంలో నా మాట ఒక్కటే: ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి టూత్‌పిక్ మొనతో పెట్టండి. అతుకు బిగుతుగా కూర్చోకపోతే ముక్కను మళ్లీ కోయాలి గానీ సందును జిగురుతో నింపకూడదు. సూపర్ గ్లూ కర్రలోకి ఇంకి గట్టిపడుతుంది. ఇసుక కాగితం పట్టినప్పుడు చుట్టూ ఉన్న మెత్తటి బాల్సా అరిగి, అతుకు మాత్రం గుబ్బలా మిగులుతుంది. సన్నటి పుల్లలకు గుండుసూది గుచ్చొద్దు, అటూ ఇటూ రెండు సూదులు ఒరగబెట్టండి.

ఇక పైన కప్పే కాగితం. హైదరాబాద్ ధూల్‌పేటలో దొరికే పతంగి కాగితం చవకే, కానీ ముందు ఒక ముక్క తడిపి చూడండి. రంగు కారినా, తడికి చిరిగినా వద్దు, జపనీస్ టిష్యూ (మోడళ్లకు వాడే పల్చటి కాగితం) తెప్పించుకోండి. కాగితం గీత (పీచు సాగే దిశ) రెక్క పొడవునా ఉండాలి. అంచులకు గ్లూ స్టిక్ చాలు. జూలైలో, గాలిలో తేమ ఉన్నప్పుడు అతికిన కాగితం ఎండలు రాగానే ఇంకా బిగుసుకుని తేలిక తోకను మెలితిప్పేస్తుంది. అందుకే తోక కాగితాన్ని ముందే ఒక చట్రానికి అతికి, నీళ్లు చల్లి, ఆరాక కోసి వాడాలి. రెక్కకు అతికాకే నీళ్లు చల్లొచ్చు. అయితే ఆరేదాకా బోర్డుకు బిగించి, రెండు కొసల వెనక అంచుల కింద 3 మి.మీ. బద్ద పెట్టండి. డోప్ (కాగితాన్ని బిగించే వార్నిష్ లాంటి పూత) వేస్తే సగానికి పల్చన చేసి, రెండు చుక్కల ఆముదం కలిపి ఒక్క పూతే. తోకకు అదీ వద్దు.

ఇంత చేశాక బరువు 20 గ్రాములకు రాకపోయినా 23కి దిగుతుంది, ఎగరడానికి అది చాలు. ముందు గడ్డి మీద రబ్బరు చుట్టకుండా జారవిడిచి గ్లైడ్ సరిచేయండి, మట్టి కలపడం, తీయడం అప్పుడే. తర్వాత రబ్బరు చుట్టినప్పుడు ముక్కెత్తి ఆగిపోతుంటే మట్టి ముట్టుకోకుండా నోస్ బ్లాక్ (ప్రొపెల్లర్‌ను పట్టుకునే ముక్కు దిమ్మ) పైఅంచు వెనక 0.8 మి.మీ. బద్ద పెట్టి ప్రొపెల్లర్‌ను కాస్త కిందికి వంచండి. గాలి లేవకముందే, పొద్దున ఏడు లోపు ఎగరేయండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైపు మాత్రం వద్దు, అవి విమానాశ్రయం, వైమానిక స్థావరాల దారులు.