పెద్దవాళ్లని ఎలా పలకరిస్తావే అమ్మలూ

అమ్మలూ,

హంగేరీలో, డెబ్రెత్సెన్‌లో మెడిసిన్ సీటొచ్చిందని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో మొదటి డాక్టరువి. సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క, రాత్రంతా నిద్ర లేదు. చలికోటు అక్కడే కొనుక్కో. సర్టిఫికెట్ల కాపీలు రెండు సెట్లు పెట్టుకో. రైల్వే స్టేషన్ నుంచి యూనివర్సిటీకి ఒకటో నంబరు ట్రామ్ ఎక్కితే చాలు.

నా భయమంతా నీ నోటితోనే. పాఠాలు ఇంగ్లీషులో చెప్పినా, వార్డుల్లో రోగులతో హంగేరియన్‌లోనే మాట్లాడాలి. 'హొజ్ వజ్?' అంటే ఎలా ఉన్నావ్ అని, అది స్నేహితులకే. ముసలివాళ్లని 'హొజ్ తెత్సిక్ లెన్ని?' అనాలి. విడదీస్తే 'ఎలా ఉండడం తమకి ఇష్టం' అని వస్తుంది కానీ, అడిగేది ఎలా ఉన్నారండీ అనే.

బుడాపెస్ట్‌లో మీ పెదనాన్న భాషంతా ఆఫీసు కుర్రాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఎదురు ఫ్లాట్‌లో ఎనభై దాటిన పెద్దావిడ ఉండేది. ఓ రోజు మెట్ల దగ్గర ఆవిడకి చెయ్యూపి 'సియా! హొజ్ వజ్?' అనేశారు, హాయ్ ఎలా ఉన్నావ్ అన్నట్టు. ఆవిడ కూరగాయల సంచి కింద పెట్టి, ఈయన్ని ఎగాదిగా చూసి, 'యో నపొత్ కీవానొక్' అని, అంటే మర్యాదగా దూరం పెట్టి చెప్పే నమస్కారం, ఒక్కో మాటా వత్తి పలికి తలుపేసుకుంది. "నమస్కారం పెట్టింది చూశావా" అని ఈయన మురిసిపోవడం! పైఅంతస్తు పిల్లాడు మాత్రం ఆవిడకి 'చోకొలొమ్' అనేవాడు. చేతికి ముద్దు అని. పిల్లలు పెద్దలకి అలాగే చెబుతారు. వాళ్లమ్మే నాకీ తెత్సిక్ సంగతి నేర్పింది. మర్నాడు తడబడుతూ ఆవిణ్ణి అడిగాను. ఇక చూస్కో! మోకాళ్లు, పెన్షను, కోడలు, అన్నీ మెట్ల మీదే. అక్కడ ఎలా ఉన్నారంటే నిజంగానే చెబుతారు, అడిగేసి వెళ్లిపోకు. నీకు కావలసిన కేసు హిస్టరీ సగం అందులోనే ఉంటుంది.

అలాగని యాభై ఏళ్ల నర్సుని తెత్సిక్ అన్నావో, నన్ను ముసలిదాన్ని చేస్తావా అని మొహం మాడ్చుకుంటుంది. ఆవిడకి 'హొజ్ వన్?' చాలు, మీరెలా ఉన్నారు అని. నువ్వు అని పిలుచుకుందామని పెద్దవాళ్లే అనాలి, నువ్వు చొరవ తీసుకోకు.

చిన్నప్పుడు తాతయ్యని కూడా 'ఒరేయ్' అనేదానివి, అందుకే ఇంత గోల. ఆయన ఊరంతా చెప్పుకుని నవ్వేవారులే.

వీసా రాగానే ఫోన్ చెయ్యి. ఆవకాయ రెండు సీసాలు చాలంటుంది మీ అమ్మ. నాలుగు అడుగు.

పెద్దమ్మ