గేర్ బాక్స్ దించే ముందు

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ నాన్న మారుతి 800లో గేరు వేస్తుంటే గర్రుమంటోందట, షెడ్డువాళ్లు గేర్ బాక్స్ దించాలన్నారట. కంగారుపడి సరేననకు. ఏ గేరులో, ఎప్పుడు అరుస్తోందో ముందు నువ్వు కనిపెట్టు.

ఇంజన్ స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, క్లచ్ అడుగంటా తొక్కు. అయిదు లెక్కపెట్టి అప్పుడు రివర్స్ వెయ్యి. ఆ బండిలో రివర్సుకి సింక్రో రింగు, అంటే గేర్లు కలిసేముందు వాటి వేగాలు సమం చేసే ఇత్తడి రింగు, ఉండదు. క్లచ్ గేర్ బాక్సుని ఇంజన్ నుంచి పూర్తిగా విడదీస్తే లోపలి షాఫ్టు ఈలోగా ఆగిపోయి గేరు మెత్తగా పడుతుంది. అంతసేపు ఆగినా గర్రుమంటే క్లచ్ సరిగా విడవడం లేదు. ఇంజన్ ఆపేసి వేసి చూడు, అన్ని గేర్లూ హాయిగా పడుతుంటే లోపం క్లచ్‌దే, అనుమానమే అక్కర్లేదు.

అప్పుడు బానెట్ ఎత్తి, క్లచ్ వైరు గేర్ బాక్స్ లివరుకి తగులుకునే చోట టార్చి వేసి చూడు. నా బండికి ఇది చూడకుండానే గేర్ బాక్స్ దింపించాను. రెండు రోజులు బస్సుల్లో తిరిగాను. తీరా చూస్తే వైరులో సగం పోగులు తెగి చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి, మిగిలినవి సాగిపోయాయి! వైరు బాగానే ఉండి పెడల్ మరీ వదులుగా ఉంటే చివరనున్న నట్టు కొంచెం బిగించు. పూర్తిగా బిగించావో, క్లచ్ ప్లేటు కాలుతుంది.

రివర్స్ బాగానే పడి, నడుస్తున్నప్పుడు రెండో గేరు ఒక్కటే అరిస్తే వేరే కథ. మూడు నుంచి దిగేటప్పుడు న్యూట్రల్లో క్లచ్ వదిలి, కాస్త ఆక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి రెండు వెయ్యి. పాత లారీ డ్రైవర్లు అలాగే వేసేవారు. అలా మెత్తగా పడితే రింగు అరిగినట్టే, ఎప్పటికైనా దించక తప్పదు. దించిన రోజే క్లచ్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగు కూడా చూపించు, రెండోసారి కూలీ ఎందుకు?

పొద్దున్నే అరిచి, బండి వేడెక్కాక మానేస్తే గేర్ ఆయిల్ మార్పించు. డబ్బా మీద జీఎల్-4 అని గేర్ ఆయిల్ గ్రేడు ఉండాలి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం మందులు ఇత్తడి రింగులకి పడవు. తీసిన ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూడు. పసుప్పచ్చని మెరుపు కనిపిస్తే అది రింగు పొడి. గట్టి ఇనప ముక్కలు తగిలితే ఇక బండి తియ్యకు, నాకు ఫోన్ చెయ్యి.

ఈ పరీక్షలప్పుడు మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకోకు. ఆ చప్పుడు వింటే ఆయనకి టెన్షన్.

మీ మామయ్య