రోగుల పరామర్శకు వెళ్లబోతున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నయం కాని జబ్బులతో ఆసుపత్రిలో ఉన్నవారి దగ్గరకు పరిచర్యకు వెళ్లబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు ఎంత సంతోషంగా ఉందో అంత దిగులుగానూ ఉంది. చేతులు కడుక్కోవడం, అనుమతి అడిగి లోపలికి వెళ్లడం, ప్రార్థన క్లుప్తంగా ముగించడం అక్కడివారే నేర్పుతారు. నా దిగులంతా నీ నోటి గురించి. బైబిలు కంఠత వాక్యాల పోటీల్లో నిన్ను మించినవారు ఎన్నడూ లేరు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా దానికి తగిన వచనం వెంటనే అప్పజెప్పేస్తావు. ఆ చురుకుదనమే నన్ను భయపెడుతోంది.

పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న భక్తుడు యోబు, అతని స్నేహితుల సంగతి బైబిలులో మరొకసారి నిదానంగా చదువు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెడ్డవారు కారు. స్నేహితుడి ఆపద విని ఎవరి చోటి నుంచి వారు బయలుదేరి వచ్చారు, పోల్చుకోలేనంతగా మారిపోయిన అతన్ని చూసి బట్టలు చింపుకుని ఏడ్చారు, 7 రాత్రింబగళ్లు అతనితో నేల మీద కూర్చుని ఒక్క మాటైనా పలకలేదు. అంతవరకు వారు చేసినది నిజమైన పరామర్శే. యోబు తాను పుట్టిన దినాన్ని శపించగానే మాత్రం వారికి దేవుని పక్షాన వకాల్తా పుచ్చుకోవాలనిపించింది. నిరపరాధి ఎన్నడైనా నశించాడా అని ఎలీఫజు మొదలుపెట్టాడు. పిల్లలను పోగొట్టుకున్న తండ్రి ముందు ఆ పిల్లల పాపం ఊసెత్తడానికి బిల్దదు వెనుకాడలేదు. విడివిడిగా వింటే వారివి చాలావరకు భక్తిగల మాటలే. అయినా చివరి అధ్యాయంలో దేవుని కోపం రగిలింది తనను అన్ని ప్రశ్నలతో నిలదీసిన యోబు మీద కాదు, తనను సమర్థించబోయిన ఈ ముగ్గురి మీద.

మీ పెద్దమ్మ మంచాన పడిన రోజుల్లో మా ఇంటికీ అలాంటి భక్తిపరులు వచ్చారు. ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో పరీక్షించుకోమని ఒకాయన ప్రార్థనకు ముందు ఆమెకు చెప్పాడు. ఆయన వెళ్లాక ఆమె గోడ వైపు తిరిగి, "నేనేం చేశానండీ?" అని నన్ను అడిగింది. పుట్టుగుడ్డివాని విషయంలో పాపం చేసింది వాడూ కాదు, వాడిని కన్నవారూ కాదని యేసు ప్రభువు తేల్చి చెప్పిన సంగతి ఆయనకు తెలియనిదా! నీ నోట అలాంటి మాట వచ్చిందని నేను వినకూడదు.

లాజరు చనిపోయాక అతని ఊరు బేతనియలో ప్రభువు ఏం చేశాడో చూడు. "నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అని అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ అన్నది ఒక్కటే మాట. సంభాషించగలిగిన మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. పాదాల మీద పడి ఏడ్చిన మరియకు ఏ బోధా చేయక కన్నీళ్లు విడిచాడు. మరికొంతసేపటిలో లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడమ్మా. కుష్ఠరోగిని బాగుచేయడానికి మాట చాలినవాడు ముందు చెయ్యి చాపి అతన్ని ముట్టుకున్నాడు. గెత్సేమనేలో తనతో మెలకువగా ఉండమని ముగ్గురు శిష్యులను తానే అడిగాడు, వారు నిద్రపోయారు. మన బలహీనతలలో ఆయన సహానుభవం లేనివాడు కాడని హెబ్రీ పత్రిక చెప్పేది ఇదంతా అనుభవించిన ప్రభువు గురించే.

కాబట్టి ఎవరైనా "దేవుడు నన్ను వదిలేశాడు" అంటే గద్దించవద్దు. 22వ కీర్తనలోని ఆ మొర సిలువ మీద ప్రభువు నోట కూడా వచ్చింది. ధైర్యం చెప్పే 23వ కీర్తనకు తొందరపడకు. చీకటితోనే ముగిసే 88వ కీర్తన కూడా లేఖనమే, వారు కోరితే అదే చదువు.

ఇంకొక మాట. అందరి బాధా నువ్వే మోయాలని తిండి, నిద్ర మానుకునే స్వభావం నీది. జనసమూహాలను చూసి కనికరపడిన ప్రభువే వారిని విడిచి ఏకాంతంగా ప్రార్థనకు వెళ్లేవాడు, పడవలో తలగడ మీద నిద్రపోయాడు. వేళకు ఇంటికి వచ్చి భోంచెయ్యి తల్లీ. మొదటి వారం గడిచాక నాకు ఉత్తరం రాయి. అందులో రోగుల పేర్లు, జబ్బులు రాయవద్దు, నువ్వు ఎలా ఉన్నావో రాయి.

మీ పెదనాన్న