ఒకే జబ్బు, ఒకే మాత్ర... ఆమెకు మాత్రం ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మణికొండలో ఉంటాం. కిందటేడు మా అపార్ట్‌మెంట్‌లో పెట్టిన వైద్య శిబిరంలో నాకూ, మా ఇంట్లో, ఇంకో మూడిళ్లలో పనిచేసే ఆమెకూ (39 ఏళ్లు) షుగర్, బీపీ ఒకేసారి బయటపడ్డాయి. మా డాక్టరు గారు నాకు రాసిన మాత్రలనే (షుగర్‌కు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినదొకటి, బీపీకి టెల్మిసార్టన్ ఒకటి) ఆమెకు కూడా కొని, పొద్దున ఆరున్నరకు పనికి రాగానే నా ఎదుటే వేయిస్తున్నాను. నా హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు చూపే రక్తపరీక్ష) 6.8కి దిగింది. ఆమెది ఇప్పటికీ 9.4. పదకొండు గంటలయ్యేసరికి కళ్లు తిరుగుతున్నాయంటుంది, చెమటలు పడతాయి, చక్కెర వేసిన చాయ్ తాగితే గానీ తేరుకోదు. చక్కెర మానమని ఎంత చెప్పినా వినదు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఏవో గోలీలు కొనుక్కుంటుంది. ఇది అశ్రద్ధా, లేక పేదవారి శరీరతత్వమే వేరా? ఆమెను దారిలో పెట్టేదెలా?
– ఒక పాఠకురాలు, మణికొండ

జవాబు: మీరు అడిగిన ప్రశ్నకు తర్వాత వస్తాను. మీ లేఖలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది పదకొండు గంటల చెమటలు. రోగిని చూడకుండా ఖరారుగా చెప్పడం సరికాదు గానీ, మీరు రాసిన లక్షణాలు షుగర్ పెరిగినప్పటివిగా కాక, పడిపోయినప్పటివిగా కనిపిస్తున్నాయి. గ్లిమిపిరైడ్ క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. కడుపులో ఆహారం ఉందా లేదా అన్నది దానికి పట్టదు. అందుకే దాన్ని టిఫిన్‌తోనో, టిఫిన్‌కు కాస్త ముందో వేసుకోవాలంటాం. మీరు వేసుకున్నాక ఇడ్లీ తిని కుర్చీలో కూర్చుంటారు. ఆమె పరగడుపున వేసుకుని, మీ ఇంట్లో అంట్లు తోమి, గదులు తుడిచి, మరో ఇంటి మెట్లెక్కుతుంది. మీరు వద్దంటున్న ఆ చక్కెర చాయే బహుశా ఆమెను ఇన్నాళ్లూ స్పృహ తప్పకుండా కాపాడింది.

దయచేసి రేపటి నుంచి ఆ షుగర్ మాత్రను ఆమెకు పరగడుపున ఇవ్వకండి. మళ్లీ కళ్లు తిరిగితే, మీ ఇంట్లో గ్లూకోమీటర్ ఉండే ఉంటుంది కాబట్టి, ఆ క్షణంలోనే వేలి నుంచి చుక్క రక్తం తీసి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించి, తేరుకున్నాక కడుపు నిండా ఏదైనా తినిపించాలి. ఈ మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది కాబట్టి తేరుకుంది కదా అని వెంటనే పనికి పంపకూడదు. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

షుగర్ పడిపోతుంటే హెచ్‌బీఏ1సీ 9.4 ఎందుకుందని మీకు సందేహం రావచ్చు. అది సుమారు మూడు నెలల సగటు మాత్రమే. రాత్రి పదింటికి ఒక్కసారిగా పెట్టుకునే పెద్ద అన్నం ముద్దతో 300 దాటి, మర్నాడు పదకొండింటికి 60కి పడిపోయే వారికి కూడా సగటు ఎక్కువగానే వస్తుంది. పైగా ఇనుము లోపంతో రక్తం తక్కువగా ఉన్నవారిలో ఈ పరీక్ష ఉన్నదానికంటే కొంత ఎక్కువ చూపించవచ్చు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హిమోగ్లోబిన్ చూడకుండా ఆ అంకెను పట్టుకుని మోతాదు పెంచడం ప్రమాదం.

మీ ఉద్దేశం మంచిదే. కానీ ఒకరికి రాసిన మందు మరొకరికి ఇవ్వడం, అది ఎంత ప్రేమతో చేసినా, సొంత వైద్యమే. చదువుకున్నవారు కూడా ఇంత తేలిగ్గా ఈ పని చేయడం రోజూ చూస్తూ బాధపడుతున్నాను. టెల్మిసార్టన్ గర్భిణులు వాడకూడని మందు, కడుపులోని బిడ్డ మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆమెకు 39 ఏళ్లు. నెలసరి సంగతి ఎవరైనా అడిగారా? ఒకవేళ తప్పి ఉంటే ఆ మాత్ర ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి. మెట్‌ఫార్మిన్ మోతాదు కిడ్నీల పనితీరును బట్టి మారుతుంది, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి అసలే ఇవ్వకూడదు. ఆమెకు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించినట్లు మీ లేఖలో ఎక్కడా లేదు.

ఇక మోకాళ్ల గోలీలు. ఇలా చీటీ లేకుండా ఇచ్చేవి చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివే. ఇవి బీపీని పెంచుతాయి, బీపీ మాత్ర పనిని తగ్గిస్తాయి. షుగర్, బీపీ రెండూ ఉన్న మనిషి టెల్మిసార్టన్‌తో పాటు వీటిని నెలల తరబడి వాడితే, అందునా నీళ్లు తక్కువగా తాగితే, కిడ్నీలు నొప్పి తెలియకుండానే పాడవుతాయి. కాళ్ల వాపులు, ఆయాసం వచ్చేదాకా మనిషికి తెలియదు, ఆ తర్వాత చేయగలిగింది చాలా తక్కువ. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితంగా దొరకవచ్చు గానీ, వారానికి రెండు మూడు రోజులు అక్కడే గడిపే మనిషికి ఇళ్లల్లో పని ఎవరిస్తారు? ఆ గోలీలు మానిపించండి. నొప్పికి ఏం వాడాలో, పారాసిటమాల్ సరిపోతుందో లేదో, పరీక్షించిన డాక్టరే చెప్పాలి.

నీళ్లు తక్కువగా తాగితే అన్నాను. నా దగ్గరకు వచ్చే ఇంటి పనివారిలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో వచ్చేవారు చాలామంది. పొద్దుటి నుంచి నీళ్లెందుకు తాగలేదని అడిగితే, పనిచేసే ఇళ్లలో బాత్‌రూమ్ వాడుకోనివ్వరని నెమ్మదిగా చెబుతారు. మీ ఇంట్లో ఆమె వాడుకోవచ్చో లేదో మీరు రాయలేదు. అడిగి తెలుసుకునే బాధ్యత వైద్యుడిగా నాకుంది కాబట్టి అడుగుతున్నాను.

అశ్రద్ధా, శరీరతత్వమా అన్న మీ ప్రశ్నకు జవాబు చాలావరకు పైన వచ్చేసింది. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో సుమారు 18 వేల మంది పురుష ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. అందరివీ నెల జీతాలే, 1948 నుంచి అక్కడ వైద్యం ప్రజలందరికీ ప్రభుత్వమే అందిస్తోంది. అయినా హోదాలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరుగుతూ వచ్చాయి; అట్టడుగున ఉన్నవారిలో అవి పైవారికంటే మూడు రెట్లకు పైగా నమోదయ్యాయి. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ వంటివి లెక్కలోంచి తీసేసినా ఆ తేడాలో పెద్ద భాగం మిగిలే ఉంది. మందు ఉచితంగా ఇచ్చినంత మాత్రాన ఆరోగ్యం సమానం కాదని అప్పుడే తేలింది. తన పని వేళల మీద, తిండి వేళల మీద మనిషికి ఉండే అధికారం కూడా శరీరం మీద ప్రభావం చూపుతుంది.

షుగర్ డబ్బున్నవారి జబ్బు అన్న మాటకూ కాలం చెల్లింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 15 రాష్ట్రాల్లో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, సంపన్న రాష్ట్రాల పట్టణాల్లో షుగర్ ధనికులకంటే పేదలలోనే ఎక్కువగా కనిపించింది. కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. రేషన్‌లో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం వస్తాయి, ఆకలి తీర్చడంలో వాటి మేలు కాదనలేనిది. పప్పు, కూరగాయలు, గుడ్లు మాత్రం సొంత డబ్బుతో కొనాలి. అందుకే పళ్లెంలో అన్నం ఎక్కువ, కూర తక్కువ, ఆ లోటు తీర్చేది ఉప్పు, కారం, పచ్చడి. బీపీ ఉన్నవారికి ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించకూడదని నేను చెప్పడం తేలికే, కూర కొనే డబ్బు లేనిచోట ఆ సలహా అక్కరకు రాదు.

హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు (పేటల్లోని చిన్న ప్రభుత్వ ఆసుపత్రులు) పనిచేస్తున్నాయి. అక్కడ బీపీ, షుగర్ మాత్రలు ఉచితం, రక్త నమూనాలు కూడా తీసుకుంటారు. అయితే అవి తెరిచి ఉండే పగటి వేళే ఆమె పనివేళ. ఒక పూట వెళ్లి కూర్చుంటే నాలుగిళ్లలో నాగా పడుతుంది, నెలాఖరున జీతంలో కోత పడుతుంది. కాబట్టి ఆమె వాయిదా వేస్తుంది. ఆ వాయిదాను మనం అశ్రద్ధ అంటున్నాం.

ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే ఆమెను బస్తీ దవాఖానాకు పంపండి, వీలైతే మీరు వెంట వెళ్లండి. ఇప్పటిదాకా వేయించిన మాత్రల అట్టలు, ఆ నొప్పి గోలీల అట్టతో సహా, డాక్టరుకు చూపించాలి. పరగడుపున, తిన్న తర్వాత షుగర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడమని అడగండి. పాదాల స్పర్శ పరీక్షించాలి. కంటి రెటీనా పరీక్షకు మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. గ్లిమిపిరైడ్‌కు బదులు వాడదగిన మందులూ ఉన్నాయి. ఆమె పని వేళలు వివరంగా చెబితే, ఏది తగునో డాక్టరు నిర్ణయిస్తారు.

ఆ రోజు జీతం కోయకండి. ఎనిమిదింటిలోపు ఆమెకు కడుపుకు ఏదైనా పడేలా, మిగతా మూడిళ్లవారితో మీరే మాట్లాడండి. ఆమె అడిగితే చనువు తీసుకుంటోందంటారు, మీరు చెబితే వింటారు.

– జనరల్ మెడిసిన్ నిపుణులు, హైదరాబాద్