టెక్ సందేహాలు: ఉచిత ఉయ్యాల, ఖాళీ అయిన ఖాతా

వర్చువల్ లోకంలో ఇళ్లు కట్టుకునేవాళ్లు మన తిరుపతి, చిత్తూరు వైపు ఇంతమంది ఉన్నారని ఈ ఉత్తరాలు చూస్తేగానీ తెలియలేదు. పిల్లలేమో మైన్‌క్రాఫ్ట్‌లో, రిటైరైన పెద్దలేమో సెకండ్ లైఫ్‌లో. ఖాతా ఎలా తెరవాలి, అవతార్‌కు (ఆ లోకంలో తిరిగే మన బొమ్మకు) చొక్కా ఎలా మార్చాలి అని అడిగినవాళ్లకు ఇక్కడ జవాబు ఉండదు, ఆ సంగతి స్క్రీన్ మీదే రాసి ఉంటుంది. ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ముందు దాని పని పడదాం.

ప్రశ్న: సెకండ్ లైఫ్‌లో మా ఇంటి వరండాకని ఉచిత వస్తువుల దుకాణం నుంచి ఉయ్యాల తెచ్చి పెట్టుకున్నాను. ఖాతాలో పదివేల లిండెన్ డాలర్లు (అక్కడ చెల్లే డబ్బు) ఉండేవి, తెల్లారేసరికి సున్నా. వెంటనే పాస్‌వర్డ్ మార్చాను. మళ్లీ కొన్ని కొంటే అవీ పోయాయి. ఎవరైనా హ్యాక్ చేశారా?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

హ్యాక్ కాదండీ, మీరిచ్చిన అనుమతితోనే పోయాయి. అక్కడ తలుపు తెరుచుకోవాలన్నా, ఉయ్యాల ఊగాలన్నా ఆ వస్తువులో ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, ఉండాలి. ఆ స్క్రిప్ట్ కొన్ని అనుమతులు అడగగలదు. అవతార్‌ను కదిలించడానికి ఒకటి, కెమెరా తిప్పడానికి ఒకటి, ఖాతాలోంచి డబ్బు తీయడానికి ఇంకొకటి. ఈ చివరిదాన్ని డెబిట్ పర్మిషన్ అంటారు. వస్తువు ఎవరిదైతే వాళ్లనే అది అడగగలదు. అందుకే ఉయ్యాలను మీకు ఉచితంగా ఇచ్చారు. అది మీ సొంతం కాకపోతే మీ ఖాతా జోలికి రాలేదు కదా!

డబ్బు అనుమతి అడిగేటప్పుడు వచ్చే మెసేజ్ కూడా మామూలుది కాదు. ఈ వస్తువు మీ లిండెన్ ఖాతా మీద పూర్తి అధికారం కోరుతోంది, ఒప్పుకుంటే ఇంకోసారి అడగకుండా ఎప్పుడైనా ఖాతా మొత్తం ఖాళీ చేయగలదు అని అందులో ఉంటుంది. ఇంతకంటే తేటగా ఎవరు చెప్తారు? కౌంటర్‌లో కూర్చుని ఎదుటివాళ్ల సంతకాన్ని ఒకటికి రెండుసార్లు సరిచూసిన మీరే దాన్ని చదవకుండా నొక్కేస్తే మిగతావాళ్లను ఏమనాలి?

పాస్‌వర్డ్ మార్చినా ఎందుకు ఆగలేదంటే, అనుమతి స్క్రిప్ట్ దగ్గర ఉంది. దానికి మీ లాగిన్‌తో పనే లేదు. మీరు కంప్యూటర్ ఆపేసి పడుకున్నా మీ వరండాలో ఉయ్యాల సర్వర్ మీద అలాగే ఉంటుంది, దాని పని అది చేసుకుపోతుంది. కాబట్టి ముందు ఆ ఉయ్యాలను తీసేయండి. ఇన్వెంటరీలో (మీ వస్తువుల అరలో) దాచుకోవద్దు, ట్రాష్‌లో వేసి ట్రాష్ కూడా ఖాళీ చేయండి. ఏ వస్తువు తిన్నదో అర్థం కాకపోతే వెబ్‌సైట్‌లో ట్రాన్సాక్షన్ హిస్టరీ తెరవండి, డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లిందో అక్కడ ఉంటుంది. ఆ వారంలో తెచ్చుకున్న ఉచిత వస్తువులన్నిటినీ అనుమానించాల్సిందే. మీ స్థలంలో ఉన్న వస్తువుల కోసం అబౌట్ ల్యాండ్‌లో ఆబ్జెక్ట్స్ ట్యాబ్ చూడండి. అవతార్‌కు తొడిగిన టోపీలు, నగలు కూడా వదలకండి, వాటిలోనూ స్క్రిప్ట్ ఉండొచ్చు. ఆ తర్వాత హెల్ప్ మెనూలోంచి రిపోర్ట్ అబ్యూజ్ పంపండి. పోయినవి వెనక్కి వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

డెబిట్ పర్మిషన్ అడిగినవన్నీ దొంగవని కాదు. మీరు దుకాణం పెట్టి, వచ్చిన డబ్బును భాగస్వామితో పంచుకునే అమ్మకం పెట్టె పెట్టారనుకోండి, దానికి ఆ అనుమతి కావాలి. అద్దె ఎక్కువ కట్టినవాళ్లకు మిగతాది తిరిగిచ్చే పెట్టెకూ కావాలి. ఉయ్యాలకు, దీపానికి, చేపల తొట్టికి మీ డబ్బుతో ఏం పని?

అసలు నా కోపం ఈ ఉయ్యాల మీద కాదు. మన దగ్గర రెండు సెంట్ల ప్లాటు రాయించుకోవాలంటే లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, డాక్యుమెంట్ రైటర్ చేత ప్రతి లైనూ చదివిస్తాం, అయినా అనుమానం తీరక తెలిసిన ప్లీడరు దగ్గరికి తీసుకెళ్తాం. అదే మనిషి స్క్రీన్ మీద అలో (Allow) అని కనిపిస్తే చాలు, చదవకుండా నొక్కేస్తాడు. టార్చిలైట్ యాప్ కాంటాక్టులు అడిగినా అలో, వాల్‌పేపర్ యాప్ మైకు అడిగినా అలో. ఇందులో డిజైన్ చేసేవాళ్ల పాపమూ తక్కువేం కాదు. చాలా యాప్‌లలో ఒప్పుకునే బటన్ రంగులద్దుకుని సరిగ్గా బొటనవేలి కింద ఉంటుంది, వద్దనే బటన్ లేత బూడిద రంగులో ఏ మూలో నక్కి ఉంటుంది. పనికిమాలిన అనుమతులు రోజంతా అడిగి అడిగి విసిగిస్తే, నిజంగా ప్రమాదమైనది వచ్చినప్పుడు కూడా చెయ్యి అలవాటుగా అలో మీదికే పోతుంది. ఇచ్చిన అనుమతులన్నీ ఒకేచోట చూపించి, ఒక్క నొక్కుతో రద్దు చేసే పేజీ లేని ఏ సేవనూ నేను మంచి డిజైన్ అనను.

ఇదే మోసానికి ఇంకో రూపం ఉంది. గ్రూప్ చాట్‌లో ఫ్రీ గిఫ్ట్ అని లింకు వస్తుంది. నొక్కితే అచ్చం సెకండ్ లైఫ్ ఆన్‌లైన్ దుకాణం మార్కెట్‌ప్లేస్‌లా కనిపించే పేజీ తెరుచుకుని లాగిన్ అడుగుతుంది. వెబ్ అడ్రసు అక్షరం అక్షరం చూడండి. రెండంచెల లాగిన్ సదుపాయం ఉంది, ఈ రోజే పెట్టుకోండి. అలాంటి పేజీలో కార్డు నంబరు, ఓటీపీ కూడా ఇచ్చి బ్యాంకు డబ్బు పోగొట్టుకుంటే నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: సెకండ్ లైఫ్‌లో 1024 చదరపు మీటర్ల స్థలం తీసుకున్నాను. ఇంటి వెనక తలకోన జలపాతం కట్టాలని ఆశ. నేలను పైకి లేపుతుంటే కాస్త లేచి ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్ లోపమా?
- డిగ్రీ విద్యార్థి, బైరాగిపట్టెడ, తిరుపతి

లోపం కాదు, హద్దు. మెయిన్‌ల్యాండ్ (కంపెనీయే నడిపే ఉమ్మడి నేల) స్థలాల్లో చాలాచోట్ల నేలను అసలు మట్టం నుంచి 4 మీటర్లు పైకి, 4 మీటర్లు కిందికి మాత్రమే మార్చనిస్తారు. పక్కవాళ్ల పెరట్లో మీ కొండ నీడ పడకుండా ఇది మంచి నియమమే. సొంతంగా ఒక రీజియన్ తీసుకుంటే 100 మీటర్ల దాకా లేపొచ్చు. రీజియన్ అంటే 256 మీటర్లకు 256 మీటర్లు, మన లెక్కలో పదహారెకరాల పైమాటే. ఒక్క జలపాతం కోసం పదహారెకరాలకు నెలనెలా డబ్బు కట్టమని నేనైతే చెప్పను.

ఇప్పుడు మీ స్థలం సంగతి. 32 మీటర్లకు 32 మీటర్లు, పాతిక సెంట్లు. తలకోన 270 అడుగులు, అంటే 82 మీటర్లు. పాతిక సెంట్లలో ఇల్లు పోగా మిగిలిన చోట అంత ఎత్తు నిలబెడితే కొండ అవ్వదు, స్తంభం అవుతుంది. 20 మీటర్లకు దిగండి, కంటికి సరిపోతుంది. నేల జోలికి పోకుండా మెష్ రాళ్లు (త్రీడీలో తయారుచేసిన రాళ్ల బొమ్మలు) పేర్చి కట్టండి. లేదు, 82 మీటర్లే కావాలంటే ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ ఒక్క ముక్కా ఒకవైపున 64 మీటర్లు మించి సాగదు. కాబట్టి నీటి ధారను రెండు ముక్కలుగా వేసి, అతుకు దగ్గర ఒక రాతి గట్టు పెట్టి కప్పాలి. తలకోన అడవిలో వేలాడే లావుపాటి తీగలు రెండు దాని మీదుగా వదిలితే అతుకు ఎవరికీ కనపడదు.

నీళ్ల కోసం వందల కణాలు చిమ్మే స్క్రిప్టులు కొనకండి. పలకకు నీటి బొమ్మ అంటించి అది కిందికి జారేలా టెక్స్‌చర్ యానిమేషన్ పెట్టండి. ఒకసారి పెట్టాక స్క్రిప్ట్ తీసేసినా నీళ్లు పారుతూనే ఉంటాయి, ఎందుకంటే ఆ కదలిక చూసేవాళ్ల కంప్యూటర్‌లోనే జరుగుతుంది, సర్వర్‌కు బరువు ఉండదు.

ఇక ల్యాండ్ ఇంపాక్ట్, అంటే ఒక్కో వస్తువు మీ స్థలం మీద వేసే బరువు లెక్క. మీ స్థలానికి మామూలుగా 351 యూనిట్లు. ఇల్లు, సామాను, రాళ్లు, చెట్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. అజాగ్రత్తగా చేసిన ఒక్క మామిడి చెట్టు పదుల్లో మింగేస్తుంది. ఎవరికీ కనపడని ఆకు వెనక ఈనెలు కూడా చెక్కి అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కొనేముందు ఆ అంకె చూడండి, డెమో ఉంటే పెట్టి చూడండి. అలాంటి చెట్లు పది పెట్టి, ల్యాప్‌టాప్ వేడెక్కుతోందని మళ్లీ ఉత్తరం రాయకండి.

ప్రశ్న: సెకండ్ లైఫ్‌లో సంగీత కార్యక్రమం సాయంత్రం 7 గంటలకని గ్రూపులో చూసి వెళ్తే అక్కడ పిట్ట కూడా లేదు. రెండుసార్లు ఇలాగే అయింది. పైగా అక్కడ సూర్యుడు ఎప్పుడు పడితే అప్పుడు ఉదయిస్తున్నాడు.
- గృహిణి, కొర్లగుంట, తిరుపతి

సెకండ్ లైఫ్‌లో సమయమంటే అమెరికా పసిఫిక్ సమయం. అక్కడ సాయంత్రం 7 అంటే మనకు మర్నాడు పొద్దున 7:30. అమెరికాలో చలికాలం గడియారం మారినప్పుడు 8:30. అంటే మీరు ఇడ్లీ పెట్టే టైములో కచేరీ. సూర్యుడి విషయంలో మీ కంప్యూటర్ తప్పేం లేదు. అక్కడ మామూలుగా రోజు నాలుగు గంటలే, మూడు గంటలు పగలు, ఒక గంట రాత్రి. అది నచ్చకపోతే వరల్డ్ మెనూలో ఎన్విరాన్‌మెంట్‌లోకి వెళ్లి మధ్యాహ్నాన్ని స్థిరంగా పెట్టుకోండి, మీ ఒక్కరికే మారుతుంది.

ప్రశ్న: సెకండ్ లైఫ్‌లో పక్కింటి గుండా నడిచి వెళ్తుంటే ఏదో నన్ను ఉన్నపళంగా విసిరేస్తోంది. ఇదేం ఇరుగుపొరుగు?
- ప్రైవేటు ఉద్యోగి, తిరుచానూరు

అది సెక్యూరిటీ ఆర్బ్. పేరు జాబితాలో లేనివాళ్లను బయటికి నెట్టే వస్తువు. ఆంతరంగిక సమయం ఎవరికైనా కావాలి, దాన్ని తప్పుపట్టను. కానీ హెచ్చరిక లేకుండా, ఒక్క సెకను కూడా ఆగకుండా గెంటేలా పెట్టేవాళ్లు మర్యాద తెలియనివాళ్లు. దారిన పోయేవాళ్లు పదిహేను సెకన్లలో దాటిపోతారు, ఆ మాత్రం గడువు పెట్టండి. మీరు చేయగలిగింది ఒకటే, యజమానికి సందేశం పంపి అడగడం. చాలామంది దుకాణంలో వచ్చిన సెట్టింగ్ మార్చకుండా వదిలేస్తారు, చెప్తే సరిచేస్తారు.

ప్రశ్న: వీఆర్ హెడ్‌సెట్ కొని ఇంట్లోనే వర్చువల్ ఇళ్లలో తిరగాలనుంది. కొనమంటారా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, రేణిగుంట

అడ్డం లేకుండా కనీసం ఆరున్నర అడుగులకు ఆరున్నర అడుగుల చోటు ఉందా? మంచం, బీరువా ఉన్న పది బై పది గదిలో చెయ్యి చాస్తే గోడే. మంచం ఎక్కి ఆడతానంటే పైన ఫ్యాన్ ఉంది, జాగ్రత్త. ఇంకో మాట, ఈ తరహా పరికరాలకు బయటివైపు కెమెరాలుంటాయి. మీరు ఎక్కడ నిలబడ్డారో తెలియడానికి గదిని కొలుచుకుంటాయి. ఆ గది పటాన్ని యాప్‌లతో పంచుకోవాలా అని సెట్టింగుల్లో ఉంటుంది, మొదటి రోజే ఆపేయండి. ఇంట్లోవాళ్లను కూడా అడగండి, వాళ్లూ ఆ కెమెరా ముందు తిరిగేవాళ్లే కదా. ఇక వీటి అప్‌డేట్‌లు! పండక్కి వచ్చిన మేనల్లుడికి చూపిద్దామని తలకు పెట్టుకోగానే డౌన్‌లోడ్ మొదలు, అది పూర్తయ్యేలోపు బ్యాటరీ సగం. ముందు రోజు రాత్రే చార్జింగ్‌లో పెట్టి ఆ పని కానిచ్చేయండి. ఇళ్లు చూడ్డానికి మాత్రమే అయితే ఉన్న ల్యాప్‌టాప్ చాలు, అది సరిపోకపోతే ఆ డబ్బు గ్రాఫిక్స్ బాగున్న ల్యాప్‌టాప్ మీద పెట్టండి.

ప్రశ్న: మా పాప వేసవంతా ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్‌లో వాళ్ల అమ్మమ్మ ఊరి ఇల్లు, బావి, మామిడితోట కట్టింది. స్టోరేజ్ నిండిందని నేను యాప్ తీసేసి మళ్లీ వేశాను. ప్రపంచం మాయం. పాప రెండు రోజులుగా మాట్లాడటం లేదు.
- ఒక తండ్రి, పలమనేరు

మాట్లాడకపోవడం న్యాయమే. ఫోన్‌లో కట్టిన ప్రపంచం ఆ ఫోన్‌లోనే ఉంటుంది, యాప్‌తో పాటే పోతుంది. ఆట కొన్న సంగతి మీ ఖాతాలో ఉంటుంది గానీ కట్టిన ఇల్లు ఉండదు. రికవరీ యాప్‌లు వేసి ఫోన్‌ను ఇంకా పాడు చేసుకోకండి. పాప ఎప్పుడైనా దాన్ని ట్యాబ్‌లోనో, స్నేహితురాలికి పంపడానికో ఎక్స్‌పోర్ట్ చేసిందేమో అడగండి. వాట్సాప్‌లో, డ్రైవ్‌లో ఎంసీవరల్డ్ (.mcworld) అని ముగిసే ఫైలు కోసం వెతకండి. దొరికితే దాన్ని మైన్‌క్రాఫ్ట్‌తో తెరిస్తే తోట మళ్లీ వస్తుంది. దొరకకపోతే కొత్తగా కట్టేటప్పుడు వారానికోసారి ఆ ప్రపంచం పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కి, కిందికి వెళ్లి ఎక్స్‌పోర్ట్ వరల్డ్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. స్టోరేజ్ కోసమైతే ముందు వాట్సాప్‌లో పేరుకున్న గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేయండి, చాలా చోటు వస్తుంది.