ఆ మూట ఎందుకు పంపలేదో రాయి

తిరుపతి

నాయనా,

కథ అందింది. రెండుసార్లు చదివాను. 2006లో స్వర్ణముఖి ఇసుకలో దొరికిన గుర్తు తెలియని ఆడమనిషి శవం, ఇన్నేళ్ల తర్వాత ముద్దాయి కొండమీద ఇచ్చిన తలనీలాలతో కేసు తేలడం. ఈ ఊహ మన ఊరివాడికే వస్తుంది. కానీ కథ అక్కడే దెబ్బతింది.

బ్లేడుతో గొరిగిన వెంట్రుకకు కుదురు ఉండదు. ఫలానా మనిషని తేల్చే డీఎన్‌ఏ ఆ కుదురు కణాల్లో ఉంటుంది. కాడలో మామూలుగా దొరికేది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. అది తల్లి నుంచి వచ్చేది, తోడబుట్టిన వాళ్లందరికీ ఒకటే. దాన్ని పట్టుకుని నీ ఎస్సై ఒక్కడి మీద కేసు నిలబెట్టలేడు. దాన్నే చనిపోయినామె వైపు తిప్పు. ఎముకలోని డీఎన్‌ఏ చెల్లెలి రక్తంతో కలిస్తే, ఆమె ఏ ఇంటి బిడ్డో తెలుస్తుంది.

డీఎన్‌ఏ పోల్చి కంప్యూటరే ముద్దాయి పేరు చెప్పే సీను తీసెయ్. అలాంటి జాతీయ డీఎన్‌ఏ బ్యాంకు మనకు లేదు. దానికోసం 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. అనుమానితుణ్ణి ముందు మనిషే వెతకాలి.

ఇంగ్లండులో లెస్టర్ దగ్గర 1983లో, 1986లో ఇద్దరు ఆడపిల్లలు హత్యకు గురయ్యారు. ఒక పదిహేడేళ్ల కుర్రాడు రెండో హత్య తనే చేశానని ఒప్పుకున్నాడు కూడా. డీఎన్‌ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టిన శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ పరీక్ష చేస్తే రెండూ ఒకడి పనే, ఆ ఒకడు ఈ కుర్రాడు కాదు. డీఎన్‌ఏ ముందు విడిపించింది ఒక అమాయకుణ్ణి! తర్వాత చుట్టుపక్కల మగవాళ్ల రక్తం తీస్తే, అసలువాడు పిచ్‌ఫోర్క్ తన బదులు తోటి పనివాణ్ణి పంపాడు. ఆ పనివాడు నోరు జారాడు, విన్న ఒకామె పోలీసులకు చెప్పింది. 1988లో పిచ్‌ఫోర్క్‌కు శిక్ష పడింది.

కోర్టు విలేకరిగా తిరిగేటప్పుడు ఒక పాత కేసు మూట విప్పుతుంటే పక్కనే నిలబడ్డాను. తెల్లగుడ్డ, లక్క సీలు, పంచుల, అంటే పోలీసులు పిలిచిన సాక్షుల, సంతకాల చీటీ. లోపల ప్లాస్టిక్ కవరులో చీర. తడి మీదే కట్టేశారు. బూజుపట్టి, మడత విప్పితే పొడిపొడిగా రాలింది. నీడన ఆరబెట్టి కాగితం కవరులో పెట్టుంటే ఆ రక్తపు మరక మాట్లాడేది. ఆ వాసన నాకింకా గుర్తుంది.

నీ కథలో చీరను ఒక కానిస్టేబుల్ సరిగ్గానే ఆరబెట్టాడనుకో. హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఈ డీఎన్‌ఏ పరీక్షను 1988లోనే మన దేశానికి తెచ్చారు. మరి 2006లో ఆ మూటను ల్యాబుకు ఎందుకు పంపలేదు? నీ కథంతా అక్కడుంది. ఆమె కోసం ఎవరూ రాలేదు, అందుకు. చెల్లెలికి ఊరు పెట్టు, పీలేరో పుంగనూరో. అక్క ఎవరితోనో లేచిపోయిందని నలుగురూ అంటే నమ్మి, కోపంతో వెతకని మనిషి. ఆమె రక్తం ఇవ్వడానికి తిరుపతి బస్టాండులో దిగిన పొద్దు నుంచి మొదలుపెట్టు.

తిరగరాసి పంపు. తొందరేం లేదు.