స్వీడన్ సరస్సుల్లో సున్నపురాయి పొడి ఎందుకు చల్లుతారు?

ఆమ్ల వర్షం పాడుచేసిన నీటిని బాగుచేయడానికి. బ్రిటన్, జర్మనీల బొగ్గు పొగలోని గంధకం గాలివాటున వచ్చి స్వీడన్‌లో వానతో ఆమ్లంగా దిగేది. అక్కడ చాలాచోట్ల అడుగున గ్రానైట్. ఆమ్లాన్ని విరిచే సున్నం నేలలో తక్కువ. నీటి పీహెచ్ (ఆమ్లత కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే దిగితే మట్టిలోంచి కరిగొచ్చిన అల్యూమినియం చేపల మొప్పలకు పట్టి ఊపిరాడనివ్వదు. గుడ్లు, పిల్లలే ముందు పోతాయి. పెద్ద చేపలు ఇంకా కనిపిస్తాయి కనుక సరస్సు బాగానే ఉందనుకుంటాం, అదే ప్రమాదం.

మెత్తని పొడిని పడవతోనో హెలికాప్టర్‌తోనో చల్లి పీహెచ్‌ను 6 పైన నిలుపుతారు. పాత నీరు పోయి కొత్తది చేరుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ చల్లాల్సిందే. నీరు త్వరగా మారే సరస్సులకైతే ఎగువ చిత్తడి నేలల్లో చల్లడం మేలు. మంచు కరిగినప్పుడు ఒక్కసారిగా దూకే ఆమ్లపు నీటిని అక్కడే విరవవచ్చు.

అసలు మందు పొగలో గంధకం తగ్గించడమే. 1985 హెల్సింకి ఒప్పందం 30 శాతం కోత కోరింది. బ్రిటన్ సంతకం పెట్టలేదు.